రాజలింగం ఎత్తు బంగారం

జనగామ,
మార్చి 2, 1984

పూజ్యులైన బావ వెంకటనర్సయ్యకు,

నీ బామ్మర్ది రాజలింగం నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు, జానకక్క, పిల్లలు అక్కడ క్షేమమని తలుస్తాను.

మేడారం జాతరకు పోయి వచ్చాం. అక్క రాలేకపోయిందని మీ పేరున కూడా తల్లులకు కొబ్బరికాయ కొట్టాను. ఎడ్లబండ్ల దుమ్ములో కళావతి రెండుసార్లు తప్పిపోయింది. నేను మాత్రం తప్పిపోలేదు, అంత జనంలోనూ నేను అందరికీ కనిపిస్తాను కదా.

రెండేళ్ళకోసారి జాతర దగ్గర పడితే మన బెల్లం దుకాణం ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. తల్లులకు బెల్లమే బంగారం. మొక్కుకున్నవాళ్ళు వచ్చి మన పెద్ద కాంటాలో ఒక పళ్లెంలో కూర్చుంటారు, రెండో పళ్లెంలో వాళ్ళ ఎత్తు బెల్లం పెడతాం. పోయిన ఏడు నాకు జ్వరం వచ్చినప్పుడు కళావతి మొగుడి ఎత్తు బంగారం మొక్కిందట. ఈసారి నన్ను కూడా కూర్చోబెట్టింది. హమాలీ యాకయ్య ముద్ద మీద ముద్ద పెడుతూనే ఉన్నాడు, నా పళ్లెం నేల వదలలేదు. "సేటూ, నువ్వు గిట్లనే కూసుంటె ఊరోళ్ళకు బెల్లం మిగలది" అన్నాడు. బజారంతా నవ్వింది, నేనూ నవ్వాను. క్వింటాలు దాటి ఇంకో ఇరవై కిలోలు తూగాను.

కళావతి నవ్వలేదు. తల్లుల గద్దెల దగ్గర కొంగు పట్టి మళ్ళీ మొక్కింది: "తల్లీ, మళ్ళ జాతరకు గీ మనిషిని జర తేలిక చెయ్యి. మళ్ళ ఎత్తు బంగారం తెస్త." నేను ఊరుకోక, "నేను తేలికైతె బంగారం గుడ తక్కువైతది గదనే, అమ్మకే నష్టం" అన్నాను. తిరిగి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఆమె బాధ ఏమిటంటే, రాత్రుళ్ళు నేను ఊరికే పెరట్లోకి లేస్తున్నాను. లేచినా సరిగా రాదు, నిలబడి నిలబడి వస్తాను. పొట్ట బరువుకు మూత్రం సంచి నలుగుతుందని నేను చెప్పాను. ఇంత చిన్నదానికి దవాఖాన అంటుంది. అక్కకు చెప్పకు, ఆమె కూడా మొదలుపెడుతుంది.

నీ బామ్మర్ది,
రాజలింగం


మహబూబాబాద్,
మార్చి 15, 1984

చిరంజీవి రాజలింగానికి ఆశీస్సులు.

మీ అక్కకు చెప్పకు అని రాశావు. ఉత్తరం విప్పిందే ఆమె. నాకంటే ముందు చదివి, పొయ్యి ముందు కూర్చుని నిన్ను తిట్టింది, నీకు అందలేదు కాబట్టి నేను తిన్నాను.

నీ బరువు గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా పెళ్ళి ఊరేగింపులో నువ్వు నిద్రపోతే మీ ఇంటిదాకా భుజమ్మీద మోసుకొచ్చింది ఎవరు? అప్పటికి నువ్వు నిక్కరు వేసుకునే పిల్లాడివి. కొత్త పెళ్ళికొడుకునని కూడా చూడకుండా మీ నాయిన నిన్ను నా భుజానికెత్తాడు. చలికాలం వస్తే ఆ భుజం ఇప్పటికీ లాగుతుంది. అందుకు మీవాళ్ళు నాకేమీ ఇవ్వలేదు, మీ అక్కను తప్ప.

మొన్న పేపర్లో చూశాను. విదేశాల్లో మరీ లావైనవాళ్ళకు కడుపు కోసి పేగు పొట్టిచేస్తున్నారట. తిన్నది ఒంటబట్టదు, మనిషి సన్నబడతాడు. మీ అక్కకు చదివి వినిపిస్తే, "మా తమ్ముని పేగు ముట్టుకుంటె చెయ్యి ఇరుగుతది" అన్నది. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

తమాషా పక్కన పెట్టు. వరంగల్‌లో ఎవరైనా మంచి డాక్టరుకు చూపించుకో. ఇది మీ అక్క మాట, నా మాట కూడా.

వెంకటనర్సయ్య


జనగామ,
జులై 9, 1984

బావకు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం.

వరంగల్ పోయి డాక్టరుకు చూపించుకున్నాను. రక్తం పరీక్ష కూడా చేశారు, అందులో ఏమీ లేదట. బరువు తగ్గించుకుని మళ్ళీ రమ్మన్నాడు. అంతే. అక్కకు చెప్పు, ఇక ఆ మాట ఎత్తొద్దని.

వానలు ఇంకా పడలేదు. చెరుకు ఎట్లా ఉంటుందో, బెల్లం ఏ ధర పలుకుతుందో ఎవరికీ తెలియడం లేదు. మీ దగ్గర మిర్చి సంగతి రాయి.

రాజలింగం


మహబూబాబాద్,
ఆగస్టు 1, 1984

చిరంజీవి రాజలింగానికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉందని మీ అక్క అన్నది. బరువు తగ్గడం ఉత్తరంతో మొదలుపెట్టాడులే అని నేనన్నాను.

డాక్టరు ఏమీ లేదన్నాడు కదా, అది చాలు. ఇక బరువు సంగతి నాకు వదిలిపెట్టు. భూపాలపల్లిలో బట్టల దుకాణం పెట్టిన నర్సింగరావు నీకు గుర్తుండే ఉంటాడు. వాళ్ళ అత్త ఏదో చూర్ణం తిని సగమైందట. రెండు సీసాలు తెప్పించి ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతికే ఇచ్చాను. పొద్దున వేడినీళ్ళలో తాగు. రాత్రి అన్నం మానెయ్, జొన్నరొట్టె తిను. దుకాణంలో కూర్చుని బెల్లం ముక్కలు నోట్లో వేసుకోవడం మానెయ్. నువ్వు రుచి చూడకపోతే ఆ బెల్లం తీపి ఏమీ తగ్గదు.

వెంకటనర్సయ్య


జనగామ,
ఫిబ్రవరి 11, 1985

బావకు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం.

నీ చూర్ణానికి దండం పెట్టాలి. మొదటి రెండు మూడు నెలలు ఏమీ కనిపించలేదు. దీపావళి దాటిన దగ్గర్నుంచి ఒళ్ళు దిగడం మొదలైంది. ఇప్పుడు ఆగడం లేదు. ఆకలి కూడా చచ్చింది, కాబట్టి రొట్టె మీద బెంగ కూడా లేదు. దర్జీ నా చొక్కాలన్నీ రెండు పక్కలా కుట్టాడు, మిగిలిన గుడ్డతో ఒక చిన్నపిల్లాడికి చొక్కా వస్తుందని కళావతిని ఆటపట్టించాడు. స్టేషన్ దగ్గర పాత స్నేహితుడు ఒకాయన నన్ను దాటి పోయి, వెనక్కి వచ్చి, "రాజలింగమేనా" అని అడిగాడు. ఆరోజంతా ఆ మాట చెప్పుకుంటూ తిరిగాను.

కళావతి సంతోషం చూడాలి నువ్వు. శుక్రవారం శుక్రవారం తల్లుల పటానికి పసుపు, కుంకుమ. తల్లి తన మాట విన్నదని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. వచ్చే జాతర కోసం మంచి బెల్లం ఇప్పటి నుంచే పక్కన పెట్టమని యాకయ్యకు ఆర్డరు.

ఒక్క నడుమే నన్ను ఏడిపిస్తోంది. 69లో బందునాడు స్టేషన్ దగ్గర లాఠీచార్జి అయినప్పుడు అందరూ ఉరికారు, నేను ఉరకలేక దొరికాను, గుర్తుందా? పోలీసాయన కూడా తీరిగ్గా కొట్టాడు. ఆ దెబ్బే ఇప్పుడు కొవ్వు కరిగేసరికి బయటపడిందని నా లెక్క. పదహారేళ్ళు మెత్తలో దాచిపెట్టిన నొప్పి. జై తెలంగాణ అన్నందుకు ఇంకా వడ్డీ కడుతున్నాను.

రాజలింగం


మహబూబాబాద్,
మే 27, 1985

చిరంజీవి రాజలింగానికి ఆశీస్సులు.

మరిపెడ పెళ్ళిలో నిన్ను చూసి కడుపు నిండింది. పందిట్లో నువ్వు నడుస్తుంటే నీ పెళ్ళినాటి మనిషిలాగా ఉన్నావు. మావాళ్ళంతా ఆ చూర్ణం పేరు అడిగి రాసుకున్నారు. నర్సింగరావు వాళ్ళ అత్తకు భూపాలపల్లిలో ఇక తీరిక ఉండదు.

మీ అక్క మాత్రం అదోలా ఉంది. తిరిగి వస్తుంటే బస్సులో అంది: "తమ్ముని చెయ్యి పట్టుకున్న. చేతికి బొక్క తగిలింది. చిన్నప్పటి సంది వాని చెయ్యి పట్టుకుంటె గట్ల ఎన్నడు లేదు." సన్నబడితే ఎముక తగలదా అని నేను కసురుకున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆడవాళ్ళకు లావైతే ఒక బాధ, సన్నబడితే ఒక బాధ.

నువ్వు భోజనాల దగ్గర మధ్యలో లేచి గోడ పట్టుకుని నిలబడ్డావు. నడుమే కదా? జిల్లేడాకు వేడిచేసి కట్టించుకో.

బరువు తగ్గి మళ్ళీ రమ్మని వరంగల్ డాక్టరు అన్నాడని రాశావు. పోయావా? పోకపోయినా ఫర్వాలేదులే, నిన్ను చూస్తే ఏ డాక్టరైనా తన పొట్ట చూసుకుంటాడు.

వెంకటనర్సయ్య


జనగామ,
అక్టోబర్ 6, 1985

బావా,

ఈ ఉత్తరం దుకాణం చిరునామాకు రాస్తున్నాను, అక్క చేతిలో పడకూడదని. చదివి చింపెయ్.

పోయిన నెల హైదరాబాద్ పోయాను. సరుకు పని అని ఇంట్లో చెప్పాను. నడుం నొప్పి కూర్చోనివ్వడం లేదు. మూత్రంలో నెత్తురు పడుతోంది, ధోవతికి మరక అంటితే నేనే నీళ్ళలో తడిపి వేస్తున్నాను. అక్కడి పెద్ద డాక్టరు పరీక్ష చేశాడు, చిన్న ముక్క తీసి చూశారు, ఎముకల ఫోటోలు తీశారు. మూత్రాశయం కింద మగవాళ్ళకు ఉసిరికాయంత గ్రంథి ఉంటుందట, ప్రొస్టేట్ అంటారు. అందులో కేన్సర్ అన్నాడు. నడుం ఎముకలకు పాకింది. అది లాఠీదెబ్బ కాదు బావా. నేను సన్నబడింది చూర్ణానికి కూడా కాదు.

వరంగల్‌లో జరిగింది అప్పుడు నీకు పూర్తిగా రాయలేదు. ఆ డాక్టరు మంచివాడే. నేను చెప్పింది విని ఆ గ్రంథినే అనుమానించాడు. దాన్ని చూడాలంటే వెనక నుంచి వేలితో తడమాలి. బల్ల మీద పక్కకు తిరిగి మోకాళ్ళు కడుపుకు ముడుచుకోమన్నాడు. నా కడుపు ముడుచుకోనిస్తుందా? బల్ల ఇరుకుది, కిర్రుమంది. పడకుండా ఇద్దరు మనుషులు పట్టుకున్నారు, వాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. కాంటాలో కూర్చున్నప్పుడు బజారంతా నవ్వితే నేనూ నవ్వాను బావా. ఆ బల్ల మీద నవ్వలేకపోయాను. డాక్టరు ప్రయత్నం చేశాడు, అందలేదు. "జర బరువు దిగినంక రా సేటూ, అప్పుడు మంచిగ చూస్త" అన్నాడు. బట్టలు సర్దుకుని బయటపడ్డాను. మళ్ళీ ఆ బల్ల ఎక్కకూడదని రైల్లోనే అనుకున్నాను.

బరువు దిగాక రమ్మన్నాడు, బరువు దిగింది. ఇక పోవాల్సిన పని ఏముంది అనుకున్నాను. బరువే నా రోగం అని కదా అందరం అనుకున్నది. అప్పటి రక్తం పరీక్ష సంగతి హైదరాబాద్ డాక్టరును అడిగాను. లావు మనిషికి ఒంట్లో నెత్తురు ఎక్కువ, రోగం గుర్తు అందులో పలచబడి తక్కువగా కనిపించి ఉండొచ్చు, గట్టిగా చెప్పలేను అన్నాడు. గోళెం నిండా నీళ్ళుంటే గుప్పెడు ఉప్పు వేసినా నాలుకకు తెలియదు కదా. నాకు వెంటనే అర్థమైంది. నువ్వు రాసిన పేగు కోసే ఆపరేషన్ గురించి కూడా అడిగాను. "కోసి సన్నబడినా, పస్తులుండి సన్నబడినా, యాభై దాటిన మగవాడు గీ పరీక్ష చేయించుకోవాలె. సన్నగైనోళ్ళు ఇగ మాకేం లేదనుకుంటరు, లావున్నోళ్ళు సిగ్గుపడతరు" అన్నాడు. ఆ రెండు రకాల మనుషులూ నేనే.

మాత్రలు ఇచ్చాడు. నొప్పి కొంత ఆగుతుంది, ఇంకొంత కాలం బతకొచ్చు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు.

కళావతికి చెప్పలేదు. జాతర దాకా చెప్పను. ఆమె మొక్కు ఫలించిందని ఊరంతా చెప్పుకుంది. ఆ సంతోషం ఆమె నోటి నుంచి లాక్కోలేను. నువ్వు కూడా అక్కకు చెప్పకు. నాకు భయంగా ఉంది బావా. ఈ మాట ఇంకెవరికి రాయను?

రాజలింగం


మహబూబాబాద్,
అక్టోబర్ 12, 1985

రాజలింగం,

ఎప్పుడూ ఇక్కడ అందరం క్షేమం అని రాసేవాడివి. ఆ మాట లేకుండా ఉత్తరం మొదలవడం చూసి, మిగతాది చదవకుండా కాసేపు గల్లా ముందు అట్లాగే కూర్చున్నాను. బేరానికి వచ్చినవాళ్ళను రేపు రమ్మన్నాను.

నాకు జోకులు తప్ప ఉత్తరం రాయడం రాదు.

కళావతికి చెప్పు. నీ కోపం నాకు ఫర్వాలేదు. ఆమె పటానికి పసుపు పెడుతుంటే నువ్వు పక్కన కూర్చుని చూస్తూ ఎట్లా ఉండగలవు? నువ్వు చెప్పనంత కాలం నేను కూడా మీ అక్క ముందు దొంగనే. నిన్న అన్నం పెడుతూ, "తమ్ముడు రాసిండా?" అని అడిగింది. రాయలేదన్నాను.

మాత్రలు మానకు. మళ్ళీ హైదరాబాద్ పోయే రోజు రాయి, జనగామలో నీతోపాటు బండి ఎక్కుతాను. నువ్వు ఒక్కడివే ఆ బల్ల ఎక్కొద్దు. ఎవడు నవ్వుతాడో నేను చూస్తాను.

జాతర దాకా నోరు మూసుకుంటాను. ఆ తర్వాత నా వల్ల కాదు.

నీ బావ


జనగామ,
ఫిబ్రవరి 22, 1986

బావా,

కళావతి యాకయ్యను వెంటబెట్టుకుని పొద్దున బస్సుకు మేడారం పోయింది. నేను పోలేదు, అంత దూరం కూర్చోలేను. ఇంట్లో ఒంటరిగా ఉన్నాను, మంచానికి దిండు ఆనించుకుని రాస్తున్నాను.

నిన్న దుకాణంలో నన్ను కాంటాలో కూర్చోబెట్టారు. ఇద్దరు పట్టుకుని దించారు. పోయిన జాతరకు నవ్విన జనమే మళ్ళీ పోగయ్యారు. ఎంత తగ్గాడో చూద్దామని వాళ్ళ సరదా. యాకయ్య ముద్దలు పెట్టాడు. తొందరగానే ముల్లు మధ్యకు వచ్చింది. డెబ్బై కూడా లేను. జనం చప్పట్లు కొట్టారు. "సేటూ, తల్లి సల్లంగ చూసింది" అని యాకయ్య మొక్కాడు. నేను లేవబోయాను.

"ఆగు" అంది కళావతి. యాకయ్యను పక్కకు జరగమని తనే ముద్ద ఎత్తి పళ్లెంలో పెట్టింది. ఇంకోటి పెట్టింది. నా పళ్లెం పైకి లేచింది. నేను పుట్టి ఆ కాంటాలో కూర్చున్నన్ని సార్లలో నా వైపు లేవడం అదే మొదలు. కాళ్ళు గాలిలో ఆడాయి. "ఏం జేస్తున్నవే, తూకం దాటింది" అన్నాను. ఆమె వినలేదు. వంగి లేచి, వంగి లేచి, పెడుతూనే ఉంది. కొంగుతో చెమట తుడుచుకుంది. జనం నవ్వడం ఆపారు.

"అక్కా, ఎత్తు ఎప్పుడో అయింది" అన్నాడు యాకయ్య.

"గిది గాదు ఎత్తు. పోయిన జాతరకు తూగింది నాకు యాదికున్నది. నాకు తల్లి ఇచ్చిన మనిషి గంత. గంతనే ఇస్త. తక్కువ చెయ్య" అంది.

క్వింటాలు మీద ఇరవై అయ్యేదాకా పెట్టింది. తర్వాత వచ్చి నా కాళ్ళు పట్టుకుని పళ్లెం కిందికి దించింది. ఆమె మొహం చూశాను. ఆమెకు తెలుసు బావా.

రాత్రి అడిగాను, ఎవరు చెప్పారని. "ధోవతులు నానబెట్టి పెడితె మరక పోతదనుకున్నవా? ఈ ఇంట్ల బట్టలు పిండేది ఎవలు?" అంది. దసరా ముందు నుంచే తెలుసట. నేను హైదరాబాద్ పోయిన రోజు కూడా సరుకు పని కాదని తెలుసట. మరి పటానికి ఆ పసుపు, కుంకుమ ఎందుకు పెట్టావని అడిగాను. "నువ్వు సంతోషపడుతున్నవని" అంది. ఆమె కోసం నేను, నా కోసం ఆమె. ఇంత కాలం ఒకరికొకరం నటించుకుంటూ బతికాం. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఏడ్చాక నడుం నొప్పి కూడా కాస్త తక్కువైనట్టు అనిపించింది.

ఇక అక్కకు చెప్పు. వీలైతే ఇద్దరూ రండి. నన్ను చూసి అక్క భయపడకుండా ముందే చెప్పి తీసుకురా.

నీ బామ్మర్ది,
రాజలింగం


మహబూబాబాద్,
ఆగస్టు 18, 1986

చెల్లె కళావతికి,

నీకు రాసే ప్రతి ఉత్తరంలోనూ నీ పేరుకు ముందు సౌభాగ్యవతి అని పెట్టేవాణ్ణి. ఈసారి చెయ్యి అక్కడిదాకా వచ్చి ఆగింది. వట్టి పేరుతో మొదలుపెట్టాను, ఏమనుకోకు.

మీ వదిన ఇంకా కోలుకోలేదు. నేను నాలుగు నెలలు దాచానని నాతో మాట్లాడడం మానేసింది. అన్నం పెడుతుంది, మాట్లాడదు. మాట్లాడమని నేనూ అడగడం లేదు.

ఆ రోజు పాడె మోసేటప్పుడు ముందువైపు నేను పట్టాను. పెద్దవాడివి, పక్కకు రమ్మని పిల్లలు అంటే తిట్టాను. చిన్నప్పుడు వాణ్ణి మోసిన భుజమే అది. వెనకాల ఎవరో "తేలికనే ఉన్నడు" అన్నారు. వాడికి వినబడుతుందేమోనని నాకు కోపం వచ్చింది.

నీకు ఒక సంగతి చెప్పాలని ఈ ఉత్తరం. మొన్న నేను వరంగల్ పోయాను. మీ వదిన నోరు తెరిచి అన్న ఒకే ఒక మాట అది, "పోయి చూపించుకొని రా" అని. రాజలింగం వెళ్ళిన ఆ డాక్టరు దగ్గరికే పోయాను. గదిలో ఇరుకు బల్ల ఒకటుంది. అదే కావచ్చు. నేను సన్నగా ఉంటాను కదా, పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకుంటే సులువుగానే ముడుచుకున్నాయి. ఎవరూ నవ్వలేదు. సిగ్గుతో కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేలోపు డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. "ఏం లేదు పెద్దాయనా, మంచిగున్నది. ఏడాదికొక్కపారి వస్తుండు" అన్నాడు.

అంతేనా అని అడిగాను. అంతే అన్నాడు.

రాజలింగం సంగతి ఆయనకు చెప్పాను. ఆ బల్ల మారుస్తానని మాత్రం అన్నాడు.

ధోవతి సర్దుకుని బయటికి వచ్చాను, స్టేషన్‌కు నడిచాను, బండి ఎక్కాను. ఒక చాయ్ తాగేంత సేపు కూడా పట్టలేదు చెల్లె ఆ పరీక్ష. మహబూబాబాద్ వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కనున్నవాళ్ళు ఎవరు పోయారని అడిగారు. బామ్మర్ది అని చెప్పాను.

నీ అన్న,
వెంకటనర్సయ్య